‘ఐరన్ వైద్యం’ కోసం అన్నయ్య రేడియేషన్ ఆపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా అన్నయ్యకు 49 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. రెండు నెలలుగా మాట తడబడుతుంటే నిద్ర చాలక అనుకున్నాం. ఒకరోజు కొట్లోనే ఫిట్స్ వచ్చాయి. స్కాన్ తీస్తే మెదడులో గడ్డ ఉందన్నారు. విజయవాడలో ఆపరేషన్ అయింది. బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్, గ్రేడ్ 4 అని వచ్చింది. వచ్చే వారం నుంచి రేడియేషన్, దాంతోపాటు కీమో మాత్రలు మొదలుపెడతామన్నారు.

ఈలోగా బంధువు ఒకాయన ‘ఫెరాప్టోసిస్’ అనే కొత్త వైద్యం మీద వీడియో పంపారు. ఇనుముతోనే క్యాన్సర్ కణాన్ని చంపుతారట. అది విన్నప్పటి నుంచి అమ్మ రోజూ మునగాకు, గోంగూర, బెల్లం పెడుతోంది. పైగా ఐరన్ మాత్రలు కూడా వేస్తోంది. ఇంకొకరేమో గడ్డకు ఇనుమే తిండి, ఆకుకూరలు మాన్పించండి అంటున్నారు. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఆ వైద్యం తమ దగ్గర ఇంజెక్షన్ల రూపంలో ఉందని, రేడియేషన్ పడ్డాక అవి పనిచేయవని, ముందుగా 4 లక్షలు కట్టమని చెబుతున్నాడు. తాడికొండ వైపు నాకున్న స్థలం అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నాం. అన్నయ్యకు క్యాన్సర్ అని ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?
— ఒక చెల్లెలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, ముందు మీకు వెంటనే కావాల్సిన జవాబు చెబుతాను. రేడియేషన్ అనుకున్న రోజునే మొదలుపెట్టించండి. స్థలం అమ్మకండి. ఆ ఫోన్ చేసిన మనిషికి ఒక్క రూపాయి కూడా పంపకండి. డాక్టర్ రాయని ఐరన్ మాత్రలు ఈ రోజే ఆపేయండి. అమ్మ వండే గోంగూర మాత్రం ఆపక్కర్లేదు.

మీరు కెమిస్ట్రీ చెప్పేవారు కాబట్టి కారణాలు కాస్త వివరంగానే రాస్తాను. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా లాగుతున్నప్పుడు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగింది మీరే.

ఫెరాప్టోసిస్ అబద్ధం కాదు. కణం చనిపోయే ఒక పద్ధతికి 2012లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బ్రెంట్ స్టాక్‌వెల్, స్కాట్ డిక్సన్ బృందం పెట్టిన పేరు అది. కణం చావుకు అప్పటికే తెలిసిన దారులతో ఇది కలవదు. ఇందులో కణాన్ని చంపేది దాని పైపొరలోని కొవ్వు పాడైపోవడం. మీరు క్లాసులో చెప్పే ఫెంటన్ చర్యే ఇక్కడా జరుగుతుంది. ఫెర్రస్ ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే దొరికినదాన్నల్లా ఆక్సీకరించే హైడ్రాక్సిల్ ర్యాడికల్స్ పుడతాయని 1894 నాటి ఫెంటన్ ప్రయోగాల నుంచి మొదలైన కథ కదా. కణంలో విడిగా తిరిగే కొద్దిపాటి ఇనుము ఇలాంటి ర్యాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి పొరలో ఉన్న బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాల మీద పడతాయి. డబ్బాలో చాలాకాలం ఉండిపోయిన వేరుశనగ నూనె వాసన మారిపోతుంది చూడండి, ఆ ఆక్సీకరణే కణం పొరలోనూ జరుగుతుంది. ఒక అణువు పక్కదాన్ని, అది ఆ పక్కదాన్ని పాడుచేసుకుంటూ పోయి చివరికి పొర చిట్లిపోతుంది.

మరి మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇనుము ఉంది, కొవ్వూ ఉంది. అన్నీ ఇలా ఎందుకు చచ్చిపోవడం లేదు? కాపలా ఉంది కాబట్టి. జీపీఎక్స్4 అనే ఎంజైము పాడైన కొవ్వును ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉంటుంది. ఆ పనికి దానికి గ్లూటాథయోన్ కావాలి. గ్లూటాథయోన్ తయారు కావాలంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. దాని ముడిసరుకైన సిస్టిన్‌ను లోపలికి తెచ్చుకోవడానికి కణం పైపొర మీద ఒక ప్రొటీన్ ద్వారం ఉంటుంది. ఒక సిస్టిన్ లోపలికి వస్తే ఒక గ్లుటామేట్ బయటికి పోతుంది. మెదడు గడ్డల్లో చాలావాటికి ఈ ద్వారం బాగా ఎక్కువగా పనిచేస్తుంది. అలా బయటికి వచ్చి చేరిన గ్లుటామేట్ చుట్టుపక్కల నాడీకణాలను రెచ్చగొడుతుంది. ఇలాంటి రోగుల్లో ఫిట్స్ రావడానికి అదీ ఒక కారణమని పరిశోధనల్లో తేలింది. మీ అన్నయ్యకు కొట్లో వచ్చిన ఫిట్స్‌కు, మీరు వీడియోలో చూసిన ఈ కెమిస్ట్రీకి సంబంధం ఉండి ఉండవచ్చు.

ఇక్కడే మీ ఇంట్లో అందరూ తికమకపడుతున్నారు. శాస్త్రవేత్తలు చేయాలనుకుంటున్నది కణంలోకి ఇనుము కుక్కడం కాదు, ఆ కాపలాను తీసేయడం. ఎరాస్టిన్ లాంటి పదార్థాలు సిస్టిన్ వచ్చే ద్వారాన్ని మూస్తాయి. ఆర్ఎస్ఎల్3 అనేది జీపీఎక్స్4 మీదే దెబ్బ కొడుతుంది. ఇనుము కణంలో ముందే ఉంది, ఎక్కడి నుంచో తెచ్చి పోయక్కర్లేదు. గ్లియోబ్లాస్టోమాలో గడ్డను మళ్లీ మళ్లీ మొలిపించే మూలకణాలు మామూలు కణాలకన్నా ఎక్కువ ఇనుమును లాక్కుంటాయని 2015లో ఒక అధ్యయనం చూపించింది. గడ్డకు ఇనుమే తిండి అన్న మాట బహుశా అక్కడి నుంచే పాకి మీ ఇంటిదాకా వచ్చింది. కానీ ఆకుకూర మానేస్తే గడ్డ మాడిపోదు. ఇంకో సంగతి చూడండి. ల్యాబులో ఇనుమును పట్టేసే మందు వేస్తే ఫెరాప్టోసిస్ ఆగిపోతుంది. ఇది నిజంగా ఇనుము మీద ఆధారపడ్డ చావేనని రుజువు చేయడానికి వాడేది ఆ పరీక్షే. అంటే ఇనుము పెంచమన్నవారు, తగ్గించమన్నవారు ఇద్దరూ గాజుపళ్లెంలో జరిగిన దాన్ని తెచ్చి అన్నం కంచంలో పెడుతున్నారు.

తిన్న ఇనుము నేరుగా మెదడులోకి పోదు. పేగు ఎంత పీల్చుకోవాలో కాలేయం నుంచి వచ్చే హెప్సిడిన్ అనే హార్మోను నిర్ణయిస్తుంది. ఆపైన రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాటాలి. ఐరన్ మాత్ర వేసుకుంటే గడ్డలో ఫెరాప్టోసిస్ పెరుగుతుందని మనుషుల్లో ఎవరూ చూపించలేదు. మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది. కీమో మాత్రలతో, వాంతులకిచ్చే మందులతో అది అసలే ఇబ్బంది పెడుతుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పేది) తక్కువ ఉంటే డాక్టరే ఐరన్ రాస్తారు. అప్పుడు వేయండి. అమ్మకు మాత్రం ‘నువ్వు తప్పు చేశావు’ అనకండి. కొడుకు నోటికి రుచిగా ఏదో ఒకటి తింటున్నాడంటే ఈ రోజుల్లో అదే పెద్ద సాయం. ఇప్పుడు వండుతున్నట్టే వండమనండి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది ఇష్టమైతే అది పెట్టమనండి. ఆయన బరువు తగ్గకుండా చూసుకోవడం ముఖ్యం.

ఈ తిండి విషయంలోనే ఇంకొకటి మీ చెవిన పడవచ్చు. సిస్టీన్, మెథియోనిన్ తక్కువగా ఉండే ఆహారం పెట్టినప్పుడు మెదడు గడ్డలున్న ఎలుకలు ఎక్కువకాలం బతికాయని 2023లో కొలంబియా వారి అధ్యయనం వచ్చింది. బాగా చేసిన పనే. కానీ మెథియోనిన్ పప్పులో, పాలలో, మాంసంలో అన్నింటిలోనూ ఉంటుంది. అది చూసి ఇంట్లో ప్రొటీన్ తగ్గిస్తే మనిషి నీరసించి మధ్యలో చికిత్సే ఆగిపోతుంది. ఆ ప్రయోగం మీ వంటగదిలో వద్దు.

ఇక ఆ ఫోన్ చేసిన మనిషి సంగతి. రేడియేషన్ పడితే ఆ ఇంజెక్షన్ పనిచేయదన్నాడు కదా, అది చదవగానే నాకు ఒళ్లు మండింది. శాస్త్రం చెబుతున్నది దానికి పూర్తిగా తిరగబడి ఉంది. రేడియేషన్ డీఎన్ఏను తెంపి మాత్రమే చంపదని, క్యాన్సర్ కణాల్లో కొవ్వును పాడుచేసి ఫెరాప్టోసిస్ దారిలో కూడా చంపుతుందని 2019, 2020 సంవత్సరాల్లో ఒకటికి రెండు బృందాలు చూపించాయి. జీపీఎక్స్4ను అణిచే పదార్థాలు తోడైతే ల్యాబులో రేడియేషన్ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. మీరు దేనికోసమైతే స్థలం అమ్మాలనుకుంటున్నారో, అందులో కొంత భాగం వచ్చే వారం మొదలయ్యే రేడియేషన్‌లోనే ఉంది. దాన్ని ఆపించి డబ్బు గుంజాలని చూస్తున్నాడు ఆయన.

ఈ రోజు వరకు గ్లియోబ్లాస్టోమాకు ఫెరాప్టోసిస్ పేరుతో ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. ఎందుకు లేదో కూడా తెలుసుకోండి. ఎరాస్టిన్, ఆర్ఎస్ఎల్3 ల్యాబులో బాగా పనిచేస్తాయి గానీ ఒంట్లో నిలకడగా ఉండవు. మెదడు అడ్డుగోడ దాటడం ఇంకో సమస్య. అన్నిటికన్నా పెద్ద చిక్కు మెదడే. ఆక్సీకరణకు తేలిగ్గా లొంగే కొవ్వులు మెదడులో చాలా ఎక్కువ, ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలకూ జీపీఎక్స్4 కావాలి. ఎలుకల్లో పెద్దయ్యాక ఆ జన్యువును తీసేస్తే మూత్రపిండాలు పాడై చనిపోయాయి. కాబట్టి కాపలాను గడ్డలో మాత్రమే తీసేసి పక్కన ఉన్న మాట, చూపు, జ్ఞాపకం ఉండే చోట ఉంచాలి. సన్నని గొట్టంతో మందును నేరుగా గడ్డలోకి మెల్లగా ఎక్కించడం, అతి సూక్ష్మమైన నానో రేణువుల్లో పెట్టి పంపడం లాంటివి ఇందుకోసమే ప్రయత్నిస్తున్నారు. నాకు ఈ దారి మీద నిజంగానే ఆశ ఉంది. కీమోకు లొంగకుండా మిగిలిపోయే మొండి కణాలు బతకడానికి జీపీఎక్స్4 మీదే ఎక్కువగా ఆధారపడతాయని 2017లో తెలిసింది. గ్లియోబ్లాస్టోమా తిరిగి రావడానికి కారణమయ్యేవి సరిగ్గా అలాంటి మిగిలిపోయిన కణాలే.

అయినా ల్యాబుకీ మనిషికీ ఎంత దూరమో ఒక ఉదాహరణ చెప్పాలి. కీళ్లవాతానికి, పెద్దపేగు పూతకు వాడే సల్ఫాసలజీన్ అనే పాత మాత్ర ఆ సిస్టిన్ ద్వారాన్నే మూస్తుంది. జంతువుల్లో మెదడు గడ్డలు తగ్గాయి. సరేనని తిరగబెట్టిన గడ్డలున్న రోగులకు ఇచ్చి చూశారు. 10 మందిని చేర్చుకునేసరికే ఆ ట్రయల్ ఆపేయాల్సి వచ్చింది. ఎవరిలోనూ గడ్డ తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం బాగానే వచ్చాయి. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. ఈ మాత్ర మన ఊళ్లో ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, అందుకే చెబుతున్నాను. ఎవరైనా పేరు చెబితే తెచ్చి వేయకండి.

అలాగే ఇమ్యూనిటీకి మంచిదని విటమిన్ ఇ గుళికలు, రకరకాల యాంటీఆక్సిడెంట్ డబ్బాలు బంధువులు తెచ్చి పెడుతుంటారు. విటమిన్ ఇ కొవ్వు ఆక్సీకరణను ఆపుతుంది, అంటే ఫెరాప్టోసిస్‌ను అడ్డుకుంటుంది. సెలీనియం అయితే జీపీఎక్స్4 తయారీకి నేరుగా కావాల్సిన మూలకమే. భోజనంలో వచ్చేదానితో భయం లేదు. కానీ రేడియేషన్ నడిచే ఆరు వారాలూ ఇలాంటి డబ్బాలు ఇంట్లో వద్దు. ఇప్పటికే ఏవైనా వాడుతుంటే వాటన్నిటినీ ఒక సంచిలో వేసుకుని ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్) టేబుల్ మీద పెట్టండి. పేర్లు చెప్పడం కన్నా డబ్బాలు చూపించడం నయం.

ఇప్పుడు అసలు చికిత్స. సాధారణంగా రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం 30 విడతలు, 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలమానం) మోతాదు. దాంతోపాటు ప్రతిరోజూ టెమోజోలమైడ్ అనే కీమో గుళిక. అది అయ్యాక నాలుగు వారాలు విరామం, ఆ తర్వాత 28 రోజులకోసారి 5 రోజుల చొప్పున 6 విడతలు అవే గుళికలు. ఈ పద్ధతి 573 మంది మీద చేసి 2005లో ఫలితాలు ప్రకటించిన ట్రయల్ నుంచి వచ్చింది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో రెండేళ్లు దాటినవారు 100కి 10 మంది ఉంటే, గుళిక కూడా తీసుకున్నవారిలో 26 మంది. అయిదేళ్ల తర్వాత చూస్తే 2 నుంచి 10కి పెరిగింది. ఈ జబ్బు మొండిది, పూర్తిగా నయమవడం అరుదు. ఆ మాట మీ దగ్గర దాచను. కానీ ఈ తేడా మనుషుల్లో రుజువైంది. ఆ ఫోన్ మనిషి ఇంజెక్షన్‌కు అలాంటిదేమీ లేదు.

బయాప్సీ రిపోర్టు ఒకసారి చేతిలోకి తీసుకోండి. పైన గ్రేడ్ 4 అని చూసి మడిచేసి ఉంటారు. కింద ఐడీహెచ్ అనే జన్యువు పేరుతో ఒక వరుస ఉంటుంది. ‘వైల్డ్ టైప్’ (జన్యువు మారలేదు) అని ఉందా, ‘మ్యూటెంట్’ (మారింది) అని ఉందా చూడండి. 2021 తర్వాతి వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్లలో మ్యూటెంట్ అని వస్తే దాన్ని గ్లియోబ్లాస్టోమా అనరు, ఆ జబ్బు తీరు కొంత మెరుగు. ఇంకొక వరుస ఎంజీఎంటీ అనే జన్యువుది. అది ‘మిథైలేటెడ్’ అయితే టెమోజోలమైడ్ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. ఆ పరీక్ష చేయకపోతే చేయించమని అడగండి. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. అది ఎక్కడుందో కనుక్కోండి. రేపు ఏ ట్రయల్‌కైనా మొదట అడిగేది దాన్నే. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే మంగళగిరి ఎయిమ్స్ దారిలోనే ఉంది. రిపోర్టులు, ఎంఆర్ఐ సీడీ పట్టుకుని ఈ వారంలోనే వెళ్లిరండి, దానికోసం రేడియేషన్ తేదీ మాత్రం జరపొద్దు. ఖర్చు గురించి ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్ దగ్గర అనుమతి వచ్చిందో లేదో ముందే తేల్చుకోండి.

రోజూ గుంటూరు నుంచి విజయవాడ బస్సులో తిప్పకండి. రెండు మూడు వారాలు గడిచాక అలసట బాగా ముంచుకొస్తుంది. విజయవాడలో దగ్గరి చుట్టాలుంటే ఆ ఆరు వారాలు అక్కడే ఉంచి శని, ఆదివారాలు ఇంటికి తీసుకురండి. గుళిక పరగడుపున, నీళ్లతో, నమలకుండా, విప్పకుండా మింగాలి. వారానికోసారి రక్తపరీక్ష తప్పనిసరి. మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్‌ను, ఒంట్లో బాగుంది కదా అని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, తగ్గించడం డాక్టర్ చెప్పినట్టే జరగాలి. దాంతో షుగర్ పెరగవచ్చు, అదీ చూపిస్తూ ఉండండి. ఫిట్స్ మాత్ర ఒక పూట కూడా తప్పకూడదు.

రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసే ఎంఆర్ఐలో గడ్డ పెరిగినట్టు కనిపించవచ్చు. కొందరిలో అది నిజమైన పెరుగుదల కాదు, చికిత్స దెబ్బకు వచ్చిన వాపు. ఆ స్కాన్ చూసి బెంబేలెత్తిపోయినప్పుడే మళ్లీ ఇలాంటి ఫోన్లు వస్తాయి. అప్పుడు ఆ స్కాన్‌ను ఆపరేషన్ చేసిన సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఇద్దరూ కలిసి చూసేదాకా ఏ నిర్ణయం తీసుకోవద్దు.

కొత్త వైద్యం ఏదైనా ప్రయత్నించాలనుకుంటే దానికీ రాజమార్గం ఉంది. మన దేశంలో 2009 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ మొదలుపెట్టక ముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఎవరైనా ఆ వెబ్‌సైట్‌లో వెతికి చూడవచ్చు. ట్రయల్ మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేసి పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఆ హైదరాబాద్ ఆయన్ని రెండే రెండు అడగండి: సీటీఆర్ఐ నంబరు ఎంత, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం ఎక్కడ? ఆ తర్వాత మీకు మళ్లీ ఫోన్ వస్తుందనుకోను.

ఇక చివరి సంగతి. ఏ ట్రయల్‌లోనైనా చేరాలంటే మీ అన్నయ్య తనకేం జబ్బో తెలుసుకుని, చదివి, తానే సంతకం పెట్టాలి. దాచిపెడితే ఆ తలుపు మూసుకుపోయినట్టే. అంతకన్నా ముందు, రేడియేషన్ గదిలో రోజూ తల కదలకుండా మాస్కు పెట్టించుకునే మనిషికి తనకేమైందో తెలియకుండా ఉంటుందా? ఆయనకు అనుమానం వచ్చే ఉంటుంది. మీరందరూ బాధపడతారని అడగడం లేదేమో. మీ వదినగారితో ముందు మాట్లాడండి. తర్వాత ఇద్దరూ కలిసి, ఆయన కాస్త ఓపికగా ఉన్న పొద్దుటి పూట, ‘డాక్టర్ గారు చెప్పింది నీకు ఎంతవరకు తెలియాలనుకుంటున్నావు అన్నయ్యా?’ అని అడగండి. ఆయన ఎంత అడిగితే అంత చెప్పండి. నెలల లెక్కలు ఆయన అడగనిదే ఎత్తకండి. మాట తడబడే జబ్బు కాబట్టి, మాట బాగున్నప్పుడే ఆయన ఇష్టాయిష్టాలు తెలుసుకోవడం మంచిది. యార్డులో రావాల్సిన బాకీలు, బ్యాంకు కాగితాలు, పిల్లల చదువు సంగతి కూడా ఆయన నోటితోనే చెప్పించుకుని రాసుకోండి. మీకు చెప్పడం కష్టంగా ఉంటే రేడియేషన్ డాక్టర్ని సమయం అడిగి ఆయన గదిలో కూర్చుని మాట్లాడండి. రేడియేషన్ మొదలయ్యేలోపే ఆ పని పూర్తిచేయండి.